చెల్కలో దున్నని జాగా

మా వాడ పక్కన ఇళ్ల ప్లాట్ల వెంచర్ పడబోతున్నదని తెలిసిన రోజు, అది మూడు వందల ఎకరాల వెంచరని ఊరంతా చాటింది నేనే. పొద్దున పాలకేంద్రం దగ్గర వంద ఎకరాలన్నాను. చాయ కొట్టు దగ్గరికి వచ్చేసరికి రెండు వందలైంది. చర్చి మెట్ల మీద మూడు వందలు. సాయంత్రం ఎవరో ఎదురొచ్చి, "మూడు వందల ఎకరాలట తాతా, లోపట విమానాలు దిగే జాగ గూడ ఉంటదట" అని నాకే వార్త చెప్పినప్పుడు, ఆ విమానాల సంగతి నాకెందుకు తోచలేదా అని కొంచెం బాధపడ్డాను.

అది పదకొండు ఎకరాలు.

నేను చెప్పేవాటిని ఎంతో కొంత కోసేసి వినాలని మా ఊళ్లో అందరికీ తెలుసు. చదివేవారికి తెలియదు గనక ముందే చెబుతున్నాను. బెల్లంపల్లి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. అది నిజం. భూమి అడుగున చీకట్లో బొగ్గు తొలిచానని, పైకప్పు కూలుతుంటే వీపు పెట్టి ఆపానని చెప్పుకున్నాను. అది కాదు. నేను లాంప్ రూములో ఉండేవాణ్ణి. బాయిలోకి దిగేవాళ్లకు నెత్తిదీపం ఇవ్వడం, ఎక్కివచ్చాక తీసుకొని చార్జింగుకు పెట్టడం నా పని. నేను దిగింది మొత్తం మీద నాలుగు సార్లు. అందులో ఒకసారి కళ్లు తిరిగితే మోసుకొచ్చారు. నా భార్య బతికి ఉన్నన్నాళ్లూ, నేను పైకప్పు కథ మొదలుపెట్టగానే వంటింట్లోంచి దగ్గేది. వినేవాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆమె పోయి ఆరేళ్లు. ఇప్పుడు నా కథలకు అడ్డం లేదు.

మాది హుజూరాబాద్‌లో చివరి వాడ. ఉద్యోగం అయిపోయాక తిరిగి ఇక్కడికే వచ్చాను. చిన్న కొడుకు, కోడలితో ఉంటాను. వాడ దాటితే ఎర్రమట్టి చెల్క, మెట్టచేను. చెల్క దాటితే చిన్న వాగు, మా మాటలో ఒర్రె. ఎండాకాలం చెప్పులు తడవకుండా దాటొచ్చు. వానాకాలం ముసురు పట్టిందంటే ఎడ్లబండి కూడా దాటదు. ఒర్రెకు అవతల మా సమాధుల తోట. మా సంఘంలో ఎవరు పోయినా చెల్క గట్టునున్న బండ్లబాట మీదుగా పాటలు పాడుకుంటూ తీసుకుపోయి, ఒర్రె దాటించాలి. మా అవ్వ, మా బాపు, నా భార్య, అందరూ ఆ బాటనే పోయారు.

చెల్క ఒక పటేలుది. నాకంటే రెండేళ్లు పెద్ద. ఒకే బడిలో చదివాం. మా బాపు వాళ్ల బాపును పటేలా అని పిలిచేవాడు. నేను ఇతన్ని నలుగురిలో పటేలా అంటాను, మేమిద్దరమే ఉంటే అన్నా అంటాను. అతను మాత్రం ఎక్కడైనా తమ్మీ అనే పిలుస్తాడు. పుట్టి బుద్ధెరిగి ఒక్క అబద్ధం ఆడని మనిషి. ఇది పెంచి చెప్పడం కాదు. పిల్లగాణ్ణి చూడడానికి వచ్చినవాళ్లు దారిలో ఆగి "పిల్లగాడు ఎట్లాంటోడు పటేలా" అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేసేవాడు. అట్లా మా వాడలోనే రెండు సంబంధాలు వెనక్కి పోయాయి.

అతని కొడుకులిద్దరూ దుబాయిలో. తనకు మోకాళ్లు అరిగాయి. కౌలుకు చేసేవాళ్లు దొరకలేదు. చెల్కను వెంచర్ వాళ్లకు ఇచ్చేశాడు. వెంచర్ పడేది ఆ చెల్కలోనేనని నాకు అతను చెప్పలేదు, నా మూడు వందల ఎకరాలు చల్లారాక ఊరు చెప్పింది. ఆ రోజు నుంచి అతనితో మాటలు మానేశాను. ఎదురుపడితే పటేలా అనీ అనలేదు, అన్నా అనీ అనలేదు.

ఆ చెల్కలో మా బిడ్డ ఉన్నది.

ఇది యాభై ఏళ్ల కిందటి మాట. మా తొలిచూలు బిడ్డ పోయిన రోజు ముసురు. ఒర్రె రెండు ఒడ్లూ నిండి పారుతున్నది. తోటకు పోయే దారి లేదు. ఆ పొద్దు పటేలే పార పట్టుకొచ్చి, తన చెల్కలో గుంత తీసి, బిడ్డను పెట్టించాడు. తర్వాత ఏ ఏడు దున్నినా ఆ చోటికి రాగానే నాగలి ఎత్తేవాడు. చుట్టూ తిరిగి, అవతల దించి, మళ్లీ సాలు పట్టేవాడు. రెండు మూరల వెడల్పు, మూడు మూరల పొడుగు. మక్క వేసినా, పత్తి వేసినా, పసుపు వేసినా ఆ జాగా మటుకు గరికతో, గునుగు పూలతో అట్లాగే ఉండేది. ట్రాక్టర్లు వచ్చాక పొద్దున్నే పోయి అక్కడ నిలబడేవాడు. "గీడికెల్లి తిప్పుకపో బిడ్డా" అని డ్రైవరుకు చేత్తో చూపేవాడు. ఎందుకని కొత్త డ్రైవరు అడిగితే, "పసిపిల్ల పండుకున్నది" అనేవాడు.

దాని చుట్టూ ఉన్న సాళ్లలోని కంకులు అతను ఇంటికి తీసుకుపోయేవాడు కాదు. విరిచి నా భార్య ఒళ్లో పోసేవాడు. ఆమె వాటిని కోతపండుగకు చర్చిలో బల్ల ముందు పెట్టేది. ఎవరి చేనువని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

మేము రాయి పెట్టలేదు, శిలువ పెట్టలేదు. అవసరం అనిపించలేదు. పచ్చని చేలో ఆ పిడికెడు బీడు మా ఇంటి మిద్దె మీది నుంచే కనిపించేది.

వెంచర్ వాళ్లు చెల్కను చదును చేసిన రోజు నేను కరీంనగర్‌లో కంటి ఆపరేషన్ చేయించుకొని మంచం మీద ఉన్నాను. మూడో రోజు నల్లద్దాలు పెట్టుకొని ఇంటికొచ్చి, మిద్దె ఎక్కి చూస్తే చెల్క లేదు. గట్లు లేవు, బండ్లబాట లేదు, చెల్కలోని నీళ్లబాయి పూడ్చేశారు. ఈ చివర నుంచి ఒర్రె దాకా ఎర్రమన్నుతో అలికినట్టు నున్నగా ఉంది. దాని మీద వరసగా తెల్లరాళ్లు, వాటి మధ్య గాలికి కొట్టుకుంటున్న రంగుల జెండాలు. కొత్త కన్ను అన్నిటినీ బాగా చూపిస్తుందని డాక్టరు చెప్పాడు. ఆ ఖాళీని కూడా బాగానే చూపించింది.

వాడలో అందరికీ ఎవరి దిగులు వాళ్లకుంది. ఒర్రెను రెండు పైపుల్లో పెట్టి పైన రోడ్డు వేస్తారట. బండ్లబాట ప్లాట్లలో కలిసిపోయింది. అందరం కలిసి అర్జీ పెడితే, పెద్ద సారు ఒకాయన రెండు పక్షాలనూ రెవెన్యూ ఆఫీసుకు పిలిచాడు.

మా పక్కింట్లో బీడీలు చుట్టే ఆమె ముందుగా లేచింది. "సారూ, ముసురు పట్టిననాడు పైపుల కాడికి వోయి చెప్తరా, జర ఎక్కువ తాగుర్రి అని? నీళ్లు మా ఇండ్లల్లకే వస్తయి. ఆకు తడిస్తె నేనేం చుట్టాలె, నీళ్లు చుట్టాల్నా?"

సారు నవ్వాపుకున్నాడు. వెంచర్ మేనేజరు ఆపుకోలేదు.

తర్వాత మా పాస్టరయ్య. బోథ్ దిక్కు నుంచి వచ్చిన చిన్న వయసు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. "మా సంఘపోళ్ల తాతల కాలం నుంచి అదే బాట సార్. అది మూసేస్తే చనిపోయినోళ్లను ఎటు నుంచి తీసుకపోవాలె?"

"సర్వే నక్షల బాట లేదు సార్," అన్నాడు మేనేజరు. "చేను గట్టు మీద నడిచిండ్రు, గంతే. రేపు గక్కడ ఇండ్లు కట్టుకున్నోళ్లు పొద్దున లేచి శవాల పెట్టెలు చూడాల్నా?"

ఆ మాటకు నాకు కోపమొచ్చింది. మా పక్షం బలహీనపడుతున్నదని కూడా అనిపించింది. లేచాను.

"సారూ, గా చెల్కల మావోళ్లయి నలభై సమాధులున్నయి!"

సారు కలం పట్టుకున్నాడు. "నలభయా?"

"తక్కువల తక్కువ. గత్తర వచ్చిన ఏడు ఒక్క దినమే పదకొండు మందిని పెట్టినం. నేనే గుంతలు తీసిన."

ఆ గత్తర, అంటే కలరా, నేను పుట్టకముందు వచ్చింది. మా వాడలో పోయింది ఒక్కరట. ఆయన సమాధి తోటలోనే, గేటు పక్కన ఉంది.

సారు మొత్తం రాసుకొని కళ్లజోడు తీశాడు. "వచ్చే బుధవారం వచ్చి చూస్తం. చూపించుర్రి, పని ఆపిస్త. చూపియ్యకుంటె మీ మిగతా మాటలు గూడ గిట్లాంటియే అనుకోవాల్సొస్తది."

బయటికి రాగానే బీడీలామె కొంగు దోపుకుంది. "ఏం మామా, నలభై ఏడికెల్లి పుట్టిచ్చినవ్? మా ఒర్రె ముచ్చట గూడ గంగల గలిపితివి గదా!"

"ఊకో బిడ్డా, కోపంల వచ్చింది."

"నీకు కోపమొస్తె నలభై మంది సస్తరా?"

ఆమె విసవిసా వెళ్లిపోయింది. పాస్టరయ్య నా పక్కన నడిచాడు. కరెంటు స్తంభం దగ్గర ఆగి, "తాతయ్యా, నిజంగ ఎన్ని?" అన్నాడు.

"ముప్పై ఉంటయి."

"తాతయ్యా."

"పది."

ఆయన ఊరికే నిలబడ్డాడు. వయసులో నా మనవడంత ఉంటాడు. అట్లా నిలబడడం ఆయనకు ఎవరు నేర్పారో.

"ఒక్కటే," అన్నాను. "మా బిడ్డది."

"గా ఒక్కటి చూపిస్తవా?"

చూపిస్తానని నోరు తెరిచాను. నా దగ్గర లెక్క ఉంది. పూడ్చినా, బాయి ఎక్కడుండేదో చూపగలననుకున్నాను. మా బిడ్డ బాయికి తూర్పున నలభై అడుగుల దూరంలో ఉందని చాలామందికి చెప్పాను. అప్పుడే, కోడలికి అరవై అని చెప్పినట్టు గుర్తొచ్చింది. బెల్లంపల్లిలో లాంప్ రూము ముందు దోస్తులతో నూట ఇరవై అన్నాను, ఎందుకంటే ఆ కథలో నేను బిడ్డను చేతుల మీద ఎత్తుకొని వానలో నడుస్తాను. నలభై అడుగులైతే నడక తొందరగా అయిపోతుంది. ఎవరికి ఏది చెప్పానో, వాటిలో అసలుది ఏదో, అసలుదంటూ ఒకటి ఎప్పుడైనా నా దగ్గర ఉండేదో లేదో, ఆ స్తంభం దగ్గర నిలబడి వెతికితే దొరకలేదు.

ఇక్కడిదాకా వచ్చాక మిగతాది కూడా చెప్పాలి.

మా బిడ్డ మూడేళ్లది అని చెప్పేవాణ్ణి. ఉంగరాల జుట్టనీ, నేను సెలవు మీద వస్తే బస్సు చప్పుడుకే గుర్తుపట్టి, బాపూ అంటూ బండ్లబాట దాకా ఉరికొచ్చేదనీ చెప్పేవాణ్ణి. మక్క కంకి పీచును మీసంలా పెట్టుకొని పటేలును వెక్కిరించేదని చెప్పినప్పుడు అందరూ నవ్వేవాళ్లు, ఆ తర్వాత చెప్పబోయేది తెలిసి ఊరుకునేవాళ్లు.

అది పందొమ్మిది రోజులు బతికింది.

నా భార్యకు తల్లి లేదు గనక కాన్పుకు అత్త దగ్గరే, అంటే మా అవ్వ దగ్గరే ఉంది. నేను బెల్లంపల్లిలో ఉన్నాను. ఆడపిల్ల పుట్టిందని ఉత్తరం వచ్చింది. సెలవు దొరకలేదని తర్వాత అందరితో చెప్పాను. సెలవు ఉంది. ఇరవయ్యొకటో రోజు పేరు పెట్టేనాటికి పోదామని దాచుకున్నాను. వాన కబురు, బిడ్డ పోయిన కబురు కలిసే వచ్చాయి. దారిలో వంతెన మీద నీళ్లు పారుతుంటే బస్సు ఆగిపోయింది. నేను మా వాడ చేరేసరికి మరునాడు మధ్యాహ్నం. వాన వెలిసింది. గుంత తీసింది నేను కాదు, మోసింది నేను కాదు. నేను దాన్ని చూడనే లేదు. దానికి పేరు కూడా లేదు.

నా కథలన్నిటికీ దగ్గిన నా భార్య, ఈ కథకు మాత్రం ఒక్కనాడూ దగ్గలేదు. నేను ఉంగరాల జుట్టు చెబుతుంటే చేటలో బియ్యం చెరుగుతూ వినేది. ఒకసారి ఎవరి ముందో నేను కంకి పీచు మీసాల సంగతి మరిచిపోయి ముందుకు పోతే, "మీసాలది చెప్పలే," అని గుర్తుచేసింది.

ఆ పొద్దే పటేలు ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు.

"నాలుగు నెలలాయె," అన్నాడు తలెత్తకుండా. "యాదికొచ్చిన్నా?"

"యాదికి రాలె. పనివడి వచ్చిన."

"గదే అనుకున్న. కూసో."

నేను కూర్చోలేదు. "చెల్క ఇచ్చేటప్పుడు నాతోని ఒక్క మాట చెప్పకపోతివి."

"చెప్తె ఏం జేస్తుంటివి?"

"అడ్డం పడుతుంటి."

"గందుకే చెప్పలే."

అబద్ధం చెప్పనివాడితో పోట్లాడడం కష్టం. పట్టుకోవడానికి ఏమీ దొరకదు. నూనె గిన్నె పక్కన పెట్టి అతనే మళ్లీ మొదలుపెట్టాడు.

"వాళ్లకు చెప్పిన తమ్మీ. గా జాగ ఒక్కటి ఇడిచిపెట్టుర్రని. సరేనన్నరు. డోజరు తెచ్చిననాడు పొద్దుగాల్నె పోయి గక్కడ్నే నిలవడ్డ. పది దాటినంక కాళ్లు ఆగలే. జరంత సేపు కూసుందామని ఇంటికొచ్చిన. మళ్ల పోయేసరికి గట్లు గూడ లేవు. డ్రైవరు మారిండట. గాయినకు ఎవరు చెప్పలేదట."

అతని చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. నూనెతో మెరుస్తున్నాయి. నేను కూర్చున్నాను.

"అన్నా, బుధవారం సారొస్తడు. నువ్వొచ్చి చూపియ్యాలె."

"గట్లు లేవు, బాయి లేదు. దేన్ని వట్టుకొని చూపియ్య?"

"ఇన్నేండ్లు దున్నినవ్. కాళ్లకు యాదికుండదా?"

"చూద్దాం," అన్నాడు. నూనె గిన్నె మళ్లీ దగ్గరికి లాక్కుంటూ, "దాపటెద్దు ఉండె జూడు, తెల్లది? గది గా జాగ కాడికి రాంగనె నేను అనకముందే మలుగుతుండె. గదన్న ఉంటె బాగుండు."

లేచి పోబోయి ఆగిపోయాను. యాభై ఏళ్లుగా అతన్ని ఒక మాట అడగలేదు. అడిగితే నా మూడేళ్ల పిల్ల ఏమైపోతుందోనని భయం. ఇప్పుడు అడిగాను.

"నువ్వు చూసినవ్ గదా అన్నా. ఎట్లుండె?"

అతను చాలాసేపు ఆలోచించాడు. మంచి మాట కోసం వెతకడం కాదది, ఉన్న మాట కోసం.

"ముఖం చూడలే తమ్మీ. మీ అవ్వ చీరల చుట్టి ఇచ్చింది. చేతులల్ల తీసుకుంటె... బరువే లేదు. వానకు తడిసిన చీరదే బరువంత."

నా బిడ్డ గురించి నాకు తెలిసిన నిజం ఇదొక్కటే. వాకిట్లోకి వస్తూ రెండు చేతులూ కొంచెం ముందుకు చాపుకొని నడిచానని, పిచ్చోళ్లలెక్క ఉన్నారని కోడలు అంది.

బుధవారం పొద్దున సారు వచ్చాడు. మేనేజరు, పాస్టరయ్య, బీడీలామె, వాడలో సగం మంది ఉన్నారు. పటేలు ధోవతి పైకి కట్టుకొని వచ్చాడు. ముందు ఒర్రె అవతల తోట గేటును చూశాడు, తర్వాత ఎడమ పక్క గుట్టను చూశాడు. చేతికర్రను నాగలి మేడి పట్టినట్టు పట్టుకొని, నేల వైపు చూస్తూ నడక మొదలుపెట్టాడు. ఎద్దుల్ని అదిలించే చప్పుడు నోట్లో సన్నగా వినిపిస్తున్నది. ఆ మోకాళ్లతో అట్లా నడుస్తాడని ఎవరూ అనుకోలేదు. ఎవరూ నవ్వలేదు, మేనేజరు కూడా.

ఒక చోట ఆగాడు. కర్ర ఎత్తాడు. అక్కడ గుర్తుకు సున్నం పోశారు.

"మళ్లొక్కసారి చూస్త," అన్నాడు. వెనక్కి పోయి మళ్లీ నడిచాడు. ఈసారి ఆగిన చోటు మొదటిదానికి పన్నెండు అడుగుల అవతల. మూడోసారి ఆ రెండింటికీ నడుమ.

మేనేజరు సారు వైపు తిరిగాడు. "మూడు జాగలాయె సార్. ఏదనుకోవాలె?"

"గా తెల్లరాయి కాడికెల్లి గీ తెల్లరాయి దాక," అన్నాడు పటేలు, రొప్పుతూ. "గీ నడుమల్నే ఉన్నది. గిదే అని ఒక్క జాగ చూపిస్తె అబద్ధమైతది."

సారు నా వైపు చూశాడు. "పెద్దాయనా, నలభై అన్నరు. ఒక్కటన్న చూపించుర్రి. తండ్రివి గదా, నువ్వు చెప్పు. ఏది?"

నాకు చెప్పడం వచ్చు. మడమ నేలకు తొక్కి, కండువా కళ్లకు అడ్డం పెట్టుకొని, ఇదే సారూ, నా చేతులతోని పెట్టిన, అని ఉంటే ఆ పొద్దు ఒక్కరు కూడా అనుమానించేవాళ్లు కాదేమో. మా వాడవాళ్లందరూ అదే కోరుకుంటున్నారని తెలుస్తున్నది. బీడీలామె కళ్లతోనే కానియ్యి కానియ్యి అంటున్నది. అయితే నేను ఏ చోటు చూపిస్తే అక్కడ ఆపుతారు, తక్కినచోటల్లా తవ్వుతారు. అది తప్పు చోటైతే?

"నాకు తెల్వది సారూ," అన్నాను. "నేను గప్పుడు బెల్లంపల్లిల ఉన్న. నేను చూడలే. నలభై లేవు. ఒక్కటే. గది గూడ గీ నడుమల ఏడనో."

జనంలో ఒక గుసగుస పుట్టి ఆగింది. సారు కలం మూసి, బండి వైపు తిరిగాడు.

"ఆగుర్రి సారూ!" బీడీలామె అడ్డంపోయింది. "గీ మామ నలభై అబద్ధమాడిండు, నేనే ఒప్పుకుంటున్న. కాని ఒర్రె అబద్ధమాడదు గదా? రెండడుగులేసి చూసిపోర్రి. పోయిన వానకాలం నీళ్లు ఏడిదాక వచ్చినయో మా గోడల మీద గీత ఉన్నది, వేలు పెట్టి చూపిస్త."

ఆయన వెళ్లి చూశాడు. గీత ఉంది. తోటకు పోయే బాటలో మా వాళ్లు ఏళ్ల తరబడి మోసుకుపోయిన గుర్తు, ఒర్రె ఒడ్డున అరిగిన బండ కూడా ఉంది. బాట వదలాలని, పైపులు తీసేసి వెడల్పు కల్వర్టు కట్టాలని అక్కడే రాయించాడు. పాస్టరయ్య చేతులు జోడించాడు. వాడవాళ్లు ఆ రోజు నన్ను తిట్టడం మరిచిపోయారు, మరునాడు గుర్తుచేసుకున్నారు.

నా సంగతి మాత్రం ఏ కాగితంలోకీ ఎక్కలేదు. మేనేజరు చెడ్డవాడేమీ కాదు. పక్కకు పిలిచి, "తాతా, జేసీబీతోని గీ నడుమంత తవ్విపిస్త. ఏమన్న దొరికితె తోటల మీవోళ్ల పక్కన పెట్టుకోర్రి," అన్నాడు. అది నిజంగా దయతోనే అన్నాడు. నా భార్య ఒర్రె అవతల, బిడ్డ ఇవతల. కలుపుదామన్న ఆశ ఒక్క క్షణం కలిగింది. ఆ ఇనుప పండ్లను చూసి వద్దన్నాను.

ఆ రెండు తెల్లరాళ్ల నడుమ పడేవి రెండు ప్లాట్లు. భూమి ఇచ్చినందుకు పటేలుకు వెంచర్‌లో ముఖద్వారం దగ్గర, రోడ్డు మీద, కొన్ని ప్లాట్లు రావాలి. వాటిలో రెండు వదులుకొని, వెనక ఒర్రె పక్కనున్న ఈ రెండూ ఇమ్మని అడిగాడట. నాతో చెప్పలేదు, ఇది కూడా ఊరే చెప్పింది. ఒకటి అప్పటికే ఎవరో కొనుక్కున్నారు. రెండోది ఇచ్చారు. దుబాయి నుంచి పెద్ద కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను అరుగు మీదే ఉన్నాను. "పిచ్చి లేసిందా బాపూ?" అన్న అరుపు నాకూ వినిపించింది.

"లేసింది బిడ్డా," అన్నాడు పటేలు. "నువ్వు అన్నం తిన్నవా?"

ఆ ప్లాటు చుట్టూ తుమ్మకంప నాటాడు. లోపల పార ఎక్కడ వేద్దామన్నా చెయ్యి రాదు, ఏ చోటైనా అది కావచ్చు. తొలి వానకు అంతటా గరిక లేచింది. నేను పోయి అంచున కూర్చుంటాను. అతను వస్తే ఇద్దరం కూర్చుంటాం. మా బిడ్డ ఇటు ప్లాటులో ఉందా, అటు ప్లాటులో ఉందా అని నేను అడగను. అడిగితే తెలియదనే అంటాడు.

అటు ప్లాటులో మొన్ననే పని మొదలైంది. కొన్నది చిన్న వయసు పిల్ల. మొగుడు మస్కట్‌లో ఉంటే, ఇల్లు తనే దగ్గరుండి కట్టించుకుంటున్నది. పిల్లర్ల గుంతలు తీయడానికి కూలీలు వచ్చారని తెలిసి, చద్దన్నం తినేంత సేపు కూడా ఆగకుండా పోయాను. జేసీబీ కాదు, మనుషులే తవ్వుతున్నారు. గుంత పక్కన నిలబడి, పైకి వచ్చిన ప్రతి తట్టెడు మన్నూ చూశాను. ఎర్రమన్ను, మొరం, మళ్లీ ఎర్రమన్ను. పందొమ్మిది రోజుల బిడ్డ యాభై ఏళ్ల తర్వాత ఏ రూపంలో ఉంటుందో నాకు తెలుసు. ఏ రూపంలోనూ ఉండదు. అయినా చూశాను. ఒక చోట మన్ను కొంచెం నల్లగా కనిపిస్తే, వంగి ఆ తట్టలో చెయ్యి పెట్టాను. ఎత్తుతున్నవాడు, "ఏంది తాతా?" అన్నాడు. అది కాలిన వేరు.

కొంతసేపటికి ఆ పిల్ల వచ్చింది. "తాతా, పొద్దటిసంది ఎండల నిలవడ్డవ్. గిక్కడ నీదేమన్న పోయిందా?"

నా నాలుక చివర మూడేళ్ల పిల్ల లేచి నిలబడింది, ఉంగరాల జుట్టుతో. మింగాను. తలుపులు పెట్టకముందే ఇంట్లో దిగులు పెట్టడం ఎందుకు?

"ఏం లేదు బిడ్డా. గుంత లోతు మంచిగ తీస్తున్నరా లేదా అని చూస్తున్న. నేను బొగ్గుబాయిల పనిచేసిన. లోతు సంగతి నాకు తెలుసు."

ఆమె నమ్మింది. కూలీల వైపు తిరిగి, "ఇన్నరా, తాత చూస్తుండు, జర మంచిగ తియ్యిర్రి," అన్నది. వాడలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి, సిమెంటు బస్తాల మీద కట్టిన పట్టా నీడలో వేయించింది. నేను దాన్ని గుంత దగ్గరికి జరుపుకొని కూర్చున్నాను. సాయంత్రానికి మూడు గుంతలైనాయి. నేను లేస్తుంటే, "ఇంక మూడున్నయి తాతా. రేపు ఒర్రె దిక్కు మూలకు తీస్తరు. వస్తవా?" అని అడిగింది.

వస్తానన్నాను. ఒర్రె దిక్కు మూల అంటే పటేలు రెండోసారి ఆగిన చోటు. పొద్దున్నే వాళ్లకంటే ముందే పోయాను.